తండ్రి ముందు అడిగిన ప్రశ్న

నేనేం ఉద్యోగం చేశానని ఎవరైనా అడిగితే మా ఆవిడ ఇప్పటికీ "గేటు కాడ ఉండేటోళ్లు" అని చెబుతుంది. ఆమె తప్పేం లేదు. పని విషయాలు ఇంట్లో ఎత్తకూడదని నియమం పెట్టుకున్నది నేనే. బీరంగూడలో మా వీధిలో సగం మంది నన్ను వాచ్‌మన్ అనుకున్నారు, మిగతా సగం మంది పోలీసు అనుకుని దూరంగా ఉన్నారు. రెండూ కాదు.

పటాన్‌చెరు దాటాక ఉన్న ఒక ప్రైవేటు ఫ్యాక్టరీలో, సెక్యూరిటీ ఆఫీసులో పనిచేశాను. పేరు చెప్పను. అక్కడ చాలా షెడ్లలో మామూలు పంపులు, వాల్వులు తయారయ్యేవి. ఒక్క షెడ్డులో మాత్రం రక్షణ శాఖకు పోయే భాగాలు చేసేవాళ్లు. దాన్ని అందరం లోపలి షెడ్డు అనేవాళ్లం. అందులో అడుగుపెట్టాలంటే క్లియరెన్స్ ఉండాలి, అంటే ఈ మనిషిని నమ్మవచ్చని పై ఆఫీసు ఇచ్చే కాగితం. దానికోసం పనివాడు ఫారం నింపాలి, నేను అతని ఇంటికి వెళ్లి విచారించాలి, నా రిపోర్టు చూసి పైవాళ్లు తేల్చాలి. ఇవ్వడం, ఆపడం నా చేతిలో లేదు. కానీ వాళ్లు ఆ మనిషిని చూసేది నా రాతలోంచే.

ఈమధ్య మా ఆఫీసులో కొత్తగా చేరిన ఇద్దరు ఇంటికి వచ్చి, "ఈ పనిలో ముందు ఏం తెలుసుకోవాలి సార్?" అని అడిగారు. ఏవో నాలుగు మాటలు చెప్పి, చాయ్ ఇచ్చి పంపించాను. వాళ్లు వెళ్లాక మనసు ఊరుకోలేదు. చెప్పాల్సింది చెప్పలేదు. మల్లేశం సంగతి చెప్పకుండా ఇంకేం చెప్పినా అది సగం మాటే. నేను రాసిన ఒక మాట వల్ల అతని చేతిలో పని పోయింది. నేను నోటితో అన్న ఇంకో మాట వల్ల అతని తల్లికి అంతకన్నా పెద్దదే పోయింది.

మేజర్ సాబ్

నాకు పని నేర్పినాయన సైన్యంలో చేసి వచ్చిన మనిషి. అందరం మేజర్ సాబ్ అనేవాళ్లం. కోపిష్టి, కానీ మనసులో ఏదీ పెట్టుకునేవాడు కాదు. నేను చేరిన కొత్తలో ఒక వెల్డర్ ఫారంలో అన్నదమ్ములిద్దరూ దుబాయిలో ఉన్నారని రాస్తే, 'విదేశీ సంబంధాలు ఉన్నాయి, వద్దు' అని రిపోర్టు రాశాను. మేజర్ సాబ్ ఆ ఫైలును నా బల్ల మీదికి విసిరాడు.

"ఇస్ ఇలాకే మే కిస్కా భాయి బాహర్ నహీ హై?" అన్నాడు, ఈ ప్రాంతంలో ఎవడి అన్నదమ్ముడు బయటి దేశంలో లేడని. తర్వాత తన వచ్చీరాని తెలుగులో, "రాసినోడిని చూసి ఎందుకు భయం? రాయనోడిని చూడు" అన్నాడు.

నిజమే. మా ప్రాంతంలో ఏ ఊళ్లో చూసినా గల్ఫ్‌కు పోయినవాళ్లు ఉంటారు. బయటి దేశంలో అక్క ఉండడం తప్పు కాదు, అక్కడివాళ్లను పెళ్లి చేసుకున్నా తప్పు కాదు. అది తెలియనివ్వకుండా ఉంచితే మాత్రం, ఆ రహస్యం పట్టుకుని ఎవడైనా ఈ మనిషిని బెదిరించవచ్చు. మేం చూడాల్సింది అదే.

ఇంకో సంగతి. మా క్వాలిటీ ఇన్‌స్పెక్టర్ ఒకాయనతో ఫేస్‌బుక్‌లో ఎవరో ఆడమనిషి స్నేహం కలిపింది. మొదట పూల బొమ్మలు, గుడ్ మార్నింగులు. నెల తిరిగేసరికి మీ షెడ్డులో ఏం చేస్తారని మొదలుపెట్టింది. ఆయన మర్నాడు పొద్దున్నే చెమటలు కక్కుకుంటూ వచ్చి ఫోను నా బల్ల మీద పెట్టి, "నా భార్యకు కూడా చెప్పేసిన సార్, ఇగ మీ ఇష్టం" అన్నాడు. కొన్నాళ్లు లోపలి షెడ్డుకు దూరంగా ఉంచారు. తర్వాత మళ్లీ తీసుకున్నారు. ఇంట్లో ఏం జరిగిందో నేనడగలేదు, కానీ చాలాకాలం ఆయన టిఫిన్ డబ్బా లేకుండా క్యాంటీన్‌లోనే తిన్నాడు.

ఈ రెండూ చూశాక నాకు పని వచ్చేసిందనుకున్నాను. రాసినవాడు మంచివాడు, దాచినవాడు చెడ్డవాడు. ఇంత సులువైన పనికి ఇంత జీతం ఎందుకిస్తున్నారా అని కూడా అనుకున్నాను. దాచినవాడు ఎవరి దగ్గర దాచాడు అన్న ప్రశ్న ఒకటి ఉంటుందని నాకు తట్టనే లేదు.

వాకిట్లో కుర్చీలు

మల్లేశం గ్రైండింగ్ మిషన్ మీద పనిచేసేవాడు. ఆ పనిలో లెక్క మైక్రాన్లలో ఉంటుంది, కంటికి కనబడదు. అతను కొలిచే గేజి పెట్టకముందే వేలితో తడిమి "ఇంక జెర ఉన్నది సార్" అనేవాడు. గేజి పెడితే నిజంగానే ఉండేది. అలాంటి చెయ్యి లోపలి షెడ్డుకు కావాలని వాళ్ల ఫోర్‌మన్ పట్టుబట్టి పేరు పంపాడు.

ఇంటి విచారణకు వాళ్ల ఊరు వెళ్లాను. మా వైపు ఆఫీసరు ఇంటికొస్తే ఎలా ఉంటుందో మీకు తెలుసు. వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీలు పడతాయి, ఇంటి పెద్ద ఎదురుగా కూర్చుంటాడు, పక్కింటివాళ్లు గోడకానుకుని నిలబడతారు, లోపల చాయ్ పెడతారు. పెద్దాయన మాట్లాడాకే మిగతావాళ్ల నోరు లేస్తుంది. ఈ పద్ధతి నాకు భలే నచ్చేది. అందరి ముందు అడిగితే ఎవడూ అబద్ధం ఆడలేడని నా సిద్ధాంతం. చాటుగా అడిగే ఆఫీసర్లను చూసి నవ్వుకునేవాణ్ని కూడా.

మల్లేశం తండ్రి కిష్టయ్య నిటారైన మనిషి. భూమి కొంత రోడ్డు కింద పోయింది, మిగిలినదాంట్లో కూరగాయలు పండించేవాడు. నేను కూర్చోగానే, "అడుగుండ్రి సారు, మా ఇంట్ల అబద్ధం నడ్వది" అన్నాడు.

మల్లేశాన్ని అడిగాను. "అన్నదమ్ములు?"

"ఒక్కణ్నే సార్."

"అక్కచెల్లెండ్లు?"

మల్లేశం నోరు తెరిచాడు. కిష్టయ్యే అందుకున్నాడు. "ఒక బిడ్డ ఉండె. సచ్చిపోయింది."

మల్లేశం తల్లి నర్సమ్మ చాయ్ పళ్లెంతో దర్వాజలో నిలబడి ఉంది. అక్కడే ఆగిపోయింది.

"విదేశాల్ల చుట్టాలెవరన్న ఉన్నరా?"

మల్లేశం తండ్రిని చూశాడు, తల్లిని చూశాడు, తర్వాత నన్ను చూశాడు.

"ఎవరు లేరు సార్."

ఆ చూపు నేను గమనించాను. గమనించలేదని అబద్ధం చెప్పను. చచ్చిపోయిన అక్క గుర్తొచ్చి ఉంటుందనుకున్నాను. పోయిన బిడ్డకు కాగితం చూపించమని అడగడం బాగుండదనిపించింది. రేషన్ కార్డు చూపించారు, అందులో ముగ్గురి పేర్లే ఉన్నాయి. చాయ్ తాగాను, బాగుందన్నాను. విదేశీ బంధువుల కాలమ్‌లో 'లేరు' అని రాసుకుని బండెక్కాను. మల్లేశాన్ని వీధి చివరిదాకా తోడు రమ్మని పిలిచి, బండి పక్కన నిలబెట్టి ఇంకోసారి అడిగి ఉంటే సరిపోయేది.

శుక్రవారం

నాలుగేళ్లు లోపలి షెడ్డులో మల్లేశం చేసిన పనిలో ఒక్క ముక్క తిరిగి రాలేదు. షిఫ్టు ఇన్‌చార్జిగా అతని పేరు అనుకుంటున్నారు. సరిగ్గా అప్పుడే క్లియరెన్స్ మళ్లీ చూడాల్సిన గడువు వచ్చింది, దాంతోపాటే ఒక ఆకాశరామన్న ఉత్తరం కూడా వచ్చింది. మల్లేశం అక్క బతికే ఉందని, మస్కట్‌లో వేరే దేశంవాణ్ని పెళ్లి చేసుకుందని, ప్రతి శుక్రవారం ఆ ఇంటి నుంచి ఫోను వెళ్తుందని. రాసింది ఎవరో నాకు తెలియదు. తెలుసుకోవాలని కూడా లేదు.

మల్లేశాన్ని పిలిచాను. ఉత్తరం చూపించకుండానే, "మీ అక్క బతికే ఉన్నదా?" అన్నాను.

"ఉన్నది సార్" అన్నాడు. ఫోను తనే తీసి, తెరిచి నా ముందు పెట్టాడు. గల్ఫ్‌వాళ్లతో మాట్లాడే యాప్‌లో వరసగా కాల్స్ ఉన్నాయి, అన్నీ శుక్రవారం మధ్యాహ్నాలే. మా ఫ్యాక్టరీకి వారపు సెలవు శుక్రవారం.

అక్క పేరు సుగుణ. మస్కట్‌లో ఒక ఆసుపత్రిలో ఆయాగా పనికి వెళ్లింది. అక్కడే పనిచేసే ఫిలిప్పీన్స్ దేశపు ఎలక్ట్రీషియన్‌ను పెళ్లి చేసుకుంది. ఆ కబురు ఊరికి వచ్చిన రోజు కిష్టయ్య తలమీద నీళ్లు పోసుకుని, బిడ్డ చచ్చిపోయిందని అందరి ముందూ నీళ్లు వదిలేశాడు. రేషన్ కార్డులోంచి పేరు తీయించాడు. ఆ ఇంట్లో ఆ పేరు ఎత్తడానికి వీల్లేదు.

"మరి నువ్వు మాట్లాడుతున్నవు కదా?"

"నేను కాదు సార్, అమ్మ మాట్లాడుతది" అన్నాడు మల్లేశం. "శుక్రారం నాయిన కూరగాయలు తీస్కోని పటాన్‌చెరు మార్కెట్‌కు పోతడు. గప్పుడు నేను ఫోన్ కలిపిచ్చి దర్వాజ కాడ నిలబడత. నాయిన బండి సప్పుడు ఇనొస్తే దగ్గుత, అమ్మ పెట్టేస్తది. అక్కకు బిడ్డ పుట్టింది సార్. అది అమ్మమ్మా అని అంటది. గదొక్క మాటే వస్తది దానికి మన భాషల."

"ఫారంల రాయాలె కదరా! రాస్తే ఏం కాకపోతుండె."

"రాస్తే మీరు మళ్ల ఇంటికొస్తరు" అన్నాడు. "నాయిన ముందర కూసోని అడుగుతరు. అమ్మకు ఆ ఫోన్ గూడ ఉండది ఇగ."

ఇన్నేళ్లూ నేను మనుషులు దేశం దగ్గర ఏం దాస్తున్నారా అని వెతికాను. ఇతను దాచింది తండ్రి దగ్గర.

నేను రాసిన మాట

అప్పటికి మేజర్ సాబ్ లేడు. కొత్త పై అధికారికి ఫైలు ముఖ్యం, మనిషి కనబడడు. పైనుంచి నాకో ప్రశ్న వచ్చింది: మొదటి విచారణలో అడిగినప్పుడు ఇతను ఏమన్నాడు, ఏ పరిస్థితిలో అన్నాడు?

ఆ రెండో ముక్కలోనే అంతా ఉంది. వాకిట్లో, తండ్రి ఎదురుగా అడిగానని, ఆ తండ్రి బిడ్డకు నీళ్లు వదిలేసిన మనిషని, విడిగా అడగలేదని రాయాలి. రాస్తే పైవాళ్లు దీన్ని ఇంటి భయంగా చూసేవాళ్లేమో. మేజర్ సాబ్ అయితే తప్పకుండా చూసేవాడు. వీళ్లు చూసేవాళ్లని గట్టిగా చెప్పలేను. కానీ అలా రాస్తే, విడిగా ఎందుకు అడగలేదు, చనిపోయిందంటే కాగితం ఎందుకు చూడలేదు అని నన్నడుగుతారు. నాకింక సర్వీసు ఏడాది చిల్లర ఉంది. మచ్చ లేకుండా దిగిపోవాలని ఉంది.

'విదేశాలలో బంధువులెవరూ లేరని స్పష్టంగా చెప్పారు' అని రాశాను. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. అంత పిరికి వాక్యం నా ఉద్యోగంలో ఇంకోటి రాయలేదు.

క్లియరెన్స్ పోయింది. అక్క ఉన్నందుకు కాదు, అన్య దేశపు బావ ఉన్నందుకు కాదు. సమాచారం దాచాడని, ప్రవర్తన నమ్మదగ్గది కాదని కారణం వచ్చింది. ఆ మల్లేశం ప్రవర్తన గురించి. ఒక ముక్క పాడైతే ఇన్‌స్పెక్టర్ చూడకముందే తనే ఎర్ర రంగు పూసి పక్కన పెట్టే మనిషి గురించి.

పంపుల షెడ్డులో ప్యాకింగ్‌లో వేశారు. వెళ్లేరోజు అతను నా దగ్గరికి వచ్చాడు.

"సార్, అక్కతోని మాట్లాడుడు బంద్ చేస్తే లోపలి షెడ్డు కార్డు వాపస్ వస్తదా?"

ఏ రూలూ అలా చెప్పదు. దాచకుండా రాసి, రోజూ మాట్లాడుకున్నా ఎవరూ ఏమీ అనరు. అది అతనికి చెప్పాల్సిన మనిషిని నేనే. కానీ అతను నా ముందు అలా నిలబడితే ఏదో ఒకటి చెప్పి పంపించేయాలనిపించింది.

"బంద్ చేసి చూడు" అన్నాను. "మళ్ల అప్లై చేద్దాం."

అప్లై చేశాం. అది తిరిగి వచ్చింది. నేను రిటైరయ్యాను, శాలువా కప్పారు, మచ్చ లేని సర్వీసని మైకులో చెప్పారు. తర్వాత పంపుల షెడ్డు మూతపడి, మల్లేశం ముత్తంగిలో ఒక గోడౌన్‌లో చేరాడని తెలిసింది. డబ్బాల మీద స్టిక్కర్లు అంటించే పని.

కొత్తవాళ్లకు

ఇంటికి వెళ్లండి, చాయ్ తాగండి, కానీ అసలు ప్రశ్న అక్కడ అడగకండి. మనిషిని ఒంటరిగా కూర్చోబెట్టి అడగండి. వాళ్లు లేదంటే, ఎందుకడుగుతున్నారో వివరంగా చెప్పి, వారం ఆగి మళ్లీ అడగండి. మొదటిసారి లేదన్నది రెండోసారి ఉందన్నందుకు శిక్షించకండి. మా దగ్గర ఇళ్లలో బతికుండగానే చచ్చిపోయినవాళ్లు ఉంటారు, ఫారం తయారుచేసినవాళ్లకు ఈ సంగతి తెలియదు. మీరు తెలుసుకోవాలి.

మీ రిపోర్టులో మనిషి చెప్పిన జవాబుతోపాటు, మీరు ఎక్కడ, ఎవరి ముందు అడిగారో కూడా రాయండి. మీ తప్పు బయటపడుతుంది. పడనివ్వండి. మహా అయితే ఒక మెమో వస్తుంది. నాకూ అంతే వచ్చి ఉండేది. దానికి భయపడే నేనిలా అయ్యాను.

ఇంకొకటి. తెలియనిది తెలిసినట్టు చెప్పి ఎవరినీ ఓదార్చకండి. మీ నోటి మాటను వాళ్లు సర్కారు ఆర్డరులా పట్టుకుంటారు.

గోలీల డబ్బా

కిష్టయ్య పోయాడని ఒకరి ద్వారా తెలిసి, కర్మలన్నీ అయ్యాక ఒకరోజు ఆ ఊరు వెళ్లాను. మల్లేశం డ్యూటీకి పోయాడు. నర్సమ్మ ఒక్కతే ఉంది. నన్ను వెంటనే గుర్తుపట్టింది. అదే వాకిట్లో అదే ప్లాస్టిక్ కుర్చీ వేసి, తను గడప మీద కూర్చుంది.

పెద్దాయన గురించి రెండు మాటలు అయ్యాక ఆమె గొంతు తగ్గించింది. ఎవరూ లేని ఇంట్లో కూడా.

"సారూ, పెద్దమనిషి పోయిండు. ఇంట్ల భయం పోయింది. ఇగ సర్కారోళ్ల భయమే. ఇప్పుడన్న మాట్లాడొచ్చునా?"

"మల్లేశం మాట్లాడిస్తలేడా అమ్మా?"

"వాడు చెయ్యనియ్యడు. సారు బంద్ చెయ్యమన్నడు అంటడు. ఫోన్ల నుంచి అంత తీసేసిండు. నువ్వు చెప్తే ఇంటడు."

మూడేళ్లు దాటింది. కార్డు పోయింది, ఆ షెడ్డు పోయింది, ఆ ఉద్యోగమే పోయింది. నా మాట మాత్రం ఆ ఇంట్లో అట్లాగే నడుస్తోంది.

"ఎప్పుడూ తప్పు కాదమ్మా" అన్నాను. "నాడు కూడా మాట్లాడొచ్చుండె. నేనే తప్పు చెప్పిన. తప్పు నాది." ఆమె కాళ్ల మీద పడాలనిపించింది. పడలేదు. ఆమెకు నా తప్పుతో పని లేదు, మాట్లాడొచ్చన్న మాట ఒక్కటే వినబడింది. గబగబా లోపలికి వెళ్లి బీపీ గోలీల డబ్బా తెచ్చింది. మూత లోపల పెన్నుతో రాసిన నంబరు ఉంది. ఎవరితో రాయించుకుందో, ఎన్నాళ్లు అట్లా దాచిందో. ఆ డబ్బాలోంచే రోజూ భర్తకు గోలీలు ఇచ్చేది.

నా ఫోనులోంచే కలిపాను. ఆమెకు వినబడాలని స్పీకర్ పెట్టాను. అవతల ఒక ఆడగొంతు అరబ్బీలో ఏదో చెప్పడం మొదలుపెట్టింది.

నర్సమ్మ నా చెయ్యి పట్టుకుంది. "మనుమరాలా? గింత పెద్దగైందా పిల్ల? ఎంత మంచిగ మాట్లాడుతున్నది!" ఫోను మీదికి వంగి గట్టిగా, "బిడ్డా, నేను అమ్మమ్మను. మీ అమ్మను పిలువు బిడ్డా" అంది.

ఆ గొంతు ఇంగ్లీషులోకి మారింది. ఈ నంబరు ఇప్పుడు వాడుకలో లేదని చెప్పి ఆగిపోయింది.

"ఏమన్నది సారూ?"

ఈసారి నేను విన్నది విన్నట్టే చెప్పాను. "మనుమరాలు కాదమ్మా. ఫోన్ కంపెనీ టేపు అది. ఈ నంబరు ఇప్పుడు లేదట."

ఆమె డబ్బా మూతను కళ్ల దగ్గరికి పెట్టుకుని చూసింది. చదువు రాదు ఆమెకు. అయినా చూసింది. చెరిగిపోలేదని నాకు చూపించడానికి కొంగుతో తుడిచి, మూత నా ముందుకు జరిపింది.

"తప్పు నొక్కినవేమో. మెల్లగ చెయ్యి సారూ" అంది.

ఒక్కో అంకె ఆమెకు చూపిస్తూ మళ్లీ నొక్కాను. అదే గొంతు వచ్చింది. నర్సమ్మ ఈసారి ఫోను తీసుకుని చెవి దగ్గరగా పెట్టుకుని, అరబ్బీ అయ్యేదాకా, ఇంగ్లీషు అయ్యేదాకా విని, ఫోను నా చేతికిచ్చి, "ఇంకొక్కసారి" అంది.